ఫ్రిజ్జులోంచి వచ్చిన అన్న

రాయచూరు పక్కన పవర్ ప్లాంటు పొగగొట్టాలు కొత్తగా లేచిన ఆ కాలంలో జనమంతా కరెంటు గురించే మాట్లాడుకునేవారు. నా లోకం మాత్రం ఒక ఫ్రిజ్జు చుట్టూ తిరిగేది. మా చిన్న ఆసుపత్రిలో ఆయాగా అప్పుడే చేరాను. రక్తం సంచులుండే ఆ ఫ్రిజ్జు తలుపు ఎవరూ ఊరికే తెరవకుండా చూడాలి, లోపలి చల్లదనం చూపే ముల్లు ఎర్రగీత దాటితే సిస్టరమ్మను కేకెయ్యాలి. (మా ఇంట్లో చల్లటిదంటే మట్టికుండే.)

అప్పుడే మట్మారి నుంచి మా అక్కను కాన్పుకు తెచ్చారు. బిడ్డ క్షేమంగా పుట్టింది గానీ, రక్తం బాగా పోయి అక్క ముఖం సున్నంలా పాలిపోయింది. "ఇంటివాళ్ళు ఒక సంచి ఇవ్వండి, ఫ్రిజ్జులోంచి ఆమెకొకటి తీస్తాం" అంది సిస్టరమ్మ. బావ చొక్కా చెయ్యి మడిచాడు. అక్క అత్త అడ్డం నిలబడింది.

"ఆగురా! నీ రక్తం దానికెక్కిస్తే ఇద్దరిది ఒక్క రక్తమైతది. ఇంక మొగుడు పెండ్లాలెట్లయితరు? అన్నా చెల్లెండ్లే!"

"జర ఊకోవే అమ్మా. ఆడ మనిషి పోయేటట్లుంటే..."

"బతకాలనే అంటున్న. బతికినంక ఏమని పిలుస్తవ్?"

బావ మడిచిన చొక్కా చెయ్యి మళ్ళీ కిందికి లాక్కున్నాడు. నాకూ తల తిరిగింది. (అక్కకు అన్న అయితే నాకూ అన్నే గదా? పుట్టిన పిల్లకు నాన్నా, మేనమామా?) "అజ్జీ, నీ కొడుకుది పరీక్ష చేసి దాస్తాం. ఈమెకిచ్చేది వేరే ఎవరిదో" అంది సిస్టరమ్మ.

"లోపల కలిసిపోతే?" అని ముసలమ్మ కొంగు ముడి విప్పి, పసుపు దారం నా చేతిలో పెట్టింది. "నా కొడుకు సంచికి కట్టు, పిల్లా." బావ రక్తమిచ్చాక కట్టాను. సిస్టరమ్మ చూసి, "ఇదేను? ఏంటిది?" అంటూ తెంపి పారేసింది. ఏది బావదో ఇంకెలా తెలుస్తుంది, సంచులన్నీ ఒక్కలాగే ఎర్రగా ఉన్నాయి మరి! "సంచి మీద నంబరుంది గదా!" అని కసిరింది. అంకెల దాకా నాకు చదువొచ్చు. చూశాను, అక్కకు తీసిన సంచి నంబరు వేరే.

సాయంత్రానికి అక్క పెదవులకు రంగొచ్చింది. ముసలమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది.

"మరి ఎక్కిచ్చింది ఎవలది?"

"తెలీదజ్జీ. ప్లాంటులో పనిచేసే ఎవరో ఇచ్చిపోయారు" అంది సిస్టరమ్మ.

"అయ్యో, నా కోడలికి అన్న దొరికిండు గదనే! కనీసం చాయ్ గూడ పొయ్యకపోతిమి!"

మేమిద్దరం ఆడపిల్లలమే, అన్నదమ్ములు లేరు. ఆ మాట విని అక్క పడుకునే నవ్వింది. ఆ తర్వాత ముసలమ్మ రాయచూరు వచ్చినప్పుడల్లా, ప్లాంటు బస్సు దిగిన ఏ మగమనిషి కనపడినా "చాయ్ తాగినవా బిడ్డా?" అని అడిగేది.

రక్తంతో వరసలు మారవని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా ప్లాంటు బస్సు ఆగితే చాలు, దిగే నెరిసిన తలల్లో మా అక్క ముక్కు ఎవరికైనా ఉందా అని వెతుకుతాను.