బీ మ్వానకొంబో పరిచిన పక్క

వానలు పడితే మా హోటల్‌కు ఊరి మీద ప్రేమ పుడుతుంది. మిగతా తొమ్మిది నెలలూ మోంబాసా పాతపట్నంలో పుట్టి పెరిగినవాడు గుమ్మం దాకా వస్తే, కాపలావాడు ఏం కావాలని నిలేస్తాడు. ఏప్రిల్‌లో విమానాలు ఖాళీగా దిగడం మొదలైందంటే అదే గుమ్మానికి ‘ఊరివారికి సగం ధర’ అని బోర్డు వేలాడుతుంది.

తొమ్మిది గదుల హోటల్. ఒకప్పుడు ఎవరో వర్తకుడి మేడ. కొన్నవాళ్లు పాత మంచాలు బయట పారేసి, అచ్చం అలాంటివే పదింతలు పోసి కొనుక్కొచ్చి వేశారు. దాన్ని స్టైల్ అంటారట. నేను అందులో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాను. పని లేనప్పుడు బల్ల కింద పుస్తకం చదువుకుంటాను. నేను చెప్పబోయేది మాత్రం పక్కల మీద పూలు పరిచే బీ మ్వానకొంబో గురించి. బీ అంటే మా దగ్గర పెద్దావిడ అని.

అరవై దాటిన మనిషి. బుర్ఖాలాంటి నల్ల బుయిబుయి కొంగు భుజం మీద వేసుకుని, తడిగుడ్డలో మల్లెమొగ్గలు మూటకట్టుకుని రోజూ మూడున్నరకు వస్తుంది. వెనక వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మల్లెలు, మొగలిరేకులు, తులసిలాంటి రిహానీ ఆకు కలిపి కికుబా కడుతుంది. కికుబా అంటే మా ఆడవాళ్లు రొమ్ము దగ్గర గుచ్చుకునే చిన్న పూలచెండు. మొగ్గ విచ్చేలోపు పని అయిపోవాలి. విచ్చిన పువ్వును దారం కోస్తుందంటుంది.

ఆ విద్య ఆమెకు పెద్దమ్మ నేర్పింది. పదిహేడేళ్లకు పెళ్లయింది. మొదటి మొగుడు విడాకులిచ్చాడు. రెండోవాడు పడవల రేవులో పనిచేస్తూ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మొగుడు వదిలినా పోయినా ఆడది ఇల్లు కదలకుండా గడపాల్సిన గడువు ఇద్దరి పేరు మీదా రెండుసార్లు కూర్చుంది. అయినా పాతపట్నంలో ఏ పెళ్లి జరిగినా కొత్త జంట పక్క పరచడానికి ఆమెనే పిలిచేవారు. నలభై ఏళ్లుగా అదే ఆమె పేరూ, అన్నమూ. హోటల్ పని ఐదేళ్ల కిందట వచ్చింది.

“తెల్లోళ్ల పక్క మీద పూలేస్తే గోడకు అత్తరు పూసినట్టే,” అని నవ్వేది. “పొద్దున చూస్తే నేల మీద తొక్కేసి ఉంటాయి. పాపం, వాళ్లకు అవి ఏం చెప్తాయో తెలీదుగా.”

మాకు తెలుసు. మంచం మీద మల్లెలు పరిచి, దిండు మీద కికుబా పెట్టారంటే అది ఆలుమగల పక్క. ఊరివాళ్లు రాని తొమ్మిది నెలలూ ఆ పూలు మూగవి. సగం ధర బోర్డు పడ్డాక వాటికి నోరొస్తుంది.

ఆ మే నెలలో కొత్త జంటలు వరసగా వచ్చాయి. పెళ్లయ్యాక ఏడురోజులు జంటను గదిలో ఉంచడం మా ఆచారం. ఇరుకిళ్లలో ఆ గది ఎక్కడిది? సగం ధరకు మా హోటల్ దొరికింది. బీ మ్వానకొంబో ఒక్క నెలలో నాలుగు పెళ్లిపక్కలు పరిచింది.

ఓ గురువారం మేనేజరు ముతీసో వరండాలోకి వచ్చాడు. ఎగువ సీమ మనిషి. మా ఊళ్లో ఏడేళ్లున్నా మా ఊరు అతనికి ఎక్కలేదు.

“సముద్రం వైపు గది బాగా చెయ్యమ్మా. మాలిందీ నుంచి ఇద్దరొస్తున్నారు. మీవాళ్లే. ఒకే మంచం అడిగారు.”

“కొత్తవాళ్లా?”

“ఏమో, కొత్తవాళ్లే అయ్యుంటారు. ఈ నెలంతా వాళ్లే కదా!”

ఆ పేర్లు రాసుకున్నది నేనే. స్వాలెహ్ అనీ, రయ్యా అనీ ఉన్నాయి. ఇంటిపేరు ఒకటే. నేనూ అడగలేదు.

ఆ రోజు ఆమె పనితనం నేను చూశాను. తెల్లదుప్పటి మీద మల్లెలు నేత నేసినట్టు పరిచింది. రెండు దిండ్ల మీద రెండు కికుబాలు పెట్టింది. ఊదు పొగ వేసి తలుపు మూసింది.

ఐదింటికి టాక్సీ ఆగింది. ముప్పై ఏళ్ల మనిషి దిగి, ఒక ముసలావిడను రెండు చేతులతో పట్టుకుని దించాడు. ఆమె ఒక కంటికి కట్టు ఉంది. ఏ అలంకారమూ లేని బట్టలు. చేతికి గాజు కూడా లేదు.

“మా అమ్మ,” అన్నాడు స్వాలెహ్. “కంటి ఆపరేషన్ అయింది. కన్ను కదలకూడదన్నారు. ఇక్కడే కిబొకోనీ పేటలో పిన్ని ఇల్లుంది కానీ అక్కడ పిల్లల గోల. సగం ధరలో కూడా రెండు మంచాల గది మాకు అందలేదు. నేను చాప మీద పడుకుంటాను. నాన్న పోయి రెండు నెలలే. గడువులో ఉన్న మనిషిని ఇలా తీసుకురాకూడదు. షేక్ గారిని అడిగితే, చూపు పోతుందంటే తప్పులేదన్నారు.”

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు పువ్వు ముట్టదు, అత్తరు వాసన దగ్గరికి రానివ్వదు. ఆగమని చెప్పడానికి నోరు తెరిచేలోపే కుర్రపనివాళ్లెవరూ లేక అతనే సంచి భుజానికెత్తుకుని తల్లితో మెట్లెక్కేశాడు. నేను వరండాలోకి పరిగెత్తాను.

“బీ, వాళ్లు జంట కాదు! తల్లీ కొడుకూ! ఆమె గడువులో ఉంది!”

ఆమె చేతిలో దారం అలాగే ఉండిపోయింది. “యా అల్లా,” అంది మెల్లగా. అంతే, ఆ నొప్పుల మోకాళ్లతోనే మెట్లెక్కింది.

మేం వెళ్లేసరికి స్వాలెహ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏమిటిది? ఎవరు చేశారు? మా అమ్మకూ నాకూ ఈ పక్కా?”

“నేనే చేశాను, నాయనా.”

“పెద్దదానివి, నీకు సిగ్గుండక్కర్లేదూ? పాతపట్నం మనిషివేనా నువ్వు? ఇప్పుడే పిన్నికి ఫోన్ చేస్తాను. రేపటికల్లా ఊరంతా తెలియాలి!”

విధవరాలికి పెళ్లిపక్క పరిచిన చేతిని ఏ పెళ్లింటివాళ్లూ మళ్లీ పిలవరు. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

లోపలి నుంచి ముసలావిడ గొంతు వినిపించింది. “స్వాలే, ముందు నోరు ముయ్యి. ఆవిణ్ణి లోపలికి రానీ.”

బీ మ్వానకొంబో ఒక్క సాకు కూడా చెప్పలేదు. మేనేజరు పేరెత్తలేదు, నా పేరెత్తలేదు. దుప్పటిని నాలుగు మూలలా ముడివేసి నా చేతికిచ్చి, “బయట పడెయ్,” అంది. కిటికీలన్నీ తెరిచింది. వానగాలి దూసుకొచ్చింది. బక్కెట్టు నీళ్లు తెచ్చి మంచంకోళ్లు, నేల, తలుపు అన్నీ ఉత్త నీళ్లతో తుడిచింది. బీ రయ్యా కుర్చీలో కూర్చుని, కట్టులేని కంటితో చూస్తూ ఉంది.

“ఒకటడుగుతాను, చెల్లీ,” అందావిడ. “తలుపు తీయగానే, ఏమిటో తెలియకముందే, గుండెనిండా పీల్చాను. మా ఆయన గురువారం గురువారం మల్లెలు తెచ్చేవాడు. ముప్పైతొమ్మిదేళ్లు. ఆయనే వచ్చాడనిపించింది. నా గడువు చెడిందా?”

బీ మ్వానకొంబో తడిచేతులు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

“నువ్వు వాసన దగ్గరికి వెళ్లలేదక్కా. వాసనే నీ దగ్గరికొచ్చింది. తప్పు ఉంటే మోసుకొచ్చినదానిది. నేను మోస్తాలే.”

“నువ్వూ కూర్చున్నావా గడువు?”

“రెండుసార్లు. రెండోసారి మూడో నెలలో పక్కింటి కిటికీ లోంచి మల్లెల వాసనొచ్చింది. కిటికీ మూయాల్సింది. మూయలేదు.”

బీ రయ్యా నవ్వింది. కంటికి నొప్పి పుట్టి మళ్లీ ఆపుకుంది. “నవ్వించకే, డాక్టరు తిడతాడు!”

కానీ స్వాలెహ్ అప్పటికే మెట్ల మీద నిలబడి పిన్నికి ఫోన్ చేసేశాడు.

మర్నాడు పొద్దున్నే కిబొకోనీలో కహవా కాఫీ తాగే అరుగుల మీద అదే మాట. సాయంత్రానికి ఆ కథలో ఆపరేషన్ లేదు, మేనేజరు లేడు. ముసలి పూలావిడ మతిపోయి తల్లికీ కొడుక్కీ పెళ్లిపక్క వేసిందనే మిగిలింది. జూన్ పెళ్లిళ్లకు ఆమెను ముందే పిలుచుకున్న రెండిళ్లవాళ్లు వేరేవాళ్లను పెట్టుకున్నారు. ఒకరు చెప్పి మానుకున్నారు, ఒకరు చెప్పకుండా.

ముతీసో మాత్రం నొచ్చుకున్నాడు. “పూలే కదమ్మా! ఇంత గొడవా?”

“పూలే, నాయనా,” అంది ఆమె. “ఇకనుంచి ఎవరొచ్చారో నా కళ్లతో చూసి కడతాను. కుదరదంటే ఇంకొకర్ని చూసుకో.”

కుదిరింది. పూలు కట్టడానికి ఇంకొకరు దొరకరు కనుక కుదిరింది. ఆ రోజు నుంచి ఆమె వరండాలో కాక నా బల్ల పక్కన కూర్చుని, వచ్చేవాళ్ల ముఖాలు చూసేది. అన్నదమ్ములొస్తే ఉత్త దుప్పటి. ముసలి దంపతులొస్తే దిండుకు ఒక్క కికుబా. “ఈ వయసులో ఇంతకన్నా ఎక్కువైతే జలుబు చేస్తుంది,” అనేది. పెళ్లిళ్ల మాట మాత్రం ఎత్తేది కాదు. శనివారాలు ఏ వీధిలోనైనా డప్పులు వినిపిస్తే కాసేపు దారం ఆగేది.

జూలై చివర విమానాలు నిండాయి. బోర్డు తీసేశారు. ఓ సాయంత్రం స్వాలెహ్ వచ్చాడు. నా వైపు చూడకుండా ఆమె ఎదుట నిలబడ్డాడు.

“అమ్మ గడువు ఎల్లుండి తీరుతుంది. స్నానం, కొత్తబట్టలు, అన్నీ ఉంటాయి. పిన్ని, ఈ ఊళ్లోని ఆడవాళ్లంతా మాలిందీ వస్తున్నారు. తనకు మొదటి పువ్వు నువ్వే గుచ్చాలని అమ్మ పట్టుబట్టింది. ఇంకెవరి చేతినీ ముట్టనివ్వదట.”

బీ మ్వానకొంబో చేతిలోని చెండుకు ముడి వేసి తలెత్తింది.

“నువ్వేమంటావు, నాయనా?”

“నేను...” అతను చెప్పులు చూసుకున్నాడు. “నేను టాక్సీ తెస్తాను, బీ.”

“టాక్సీ ఎందుకు? మటాటూ వ్యానులో వస్తా. పూలకు గాలి తగలాలి.”

ఆమె మాలిందీ వెళ్లిన రోజు హోటల్ నిండుగా ఉంది. ఆమె రాదని చెబితే ముతీసో తల పట్టుకున్నాడు. “తొమ్మిది గదులు! పూర్తి ధర కట్టారు! ఫోటోల్లో పూలు చూసొచ్చారు! ఏం చెప్పను వాళ్లకు?”

ఏమీ చెప్పలేదు. తొమ్మిది పక్కల మీదా ఉత్త దుప్పట్లు వేశాం. మర్నాడు పొద్దున అందరూ మహమ్రీ బూరెలూ, కొబ్బరిపాలలో ఉడికిన కందులూ తింటుంటే నేను బల్ల దగ్గర చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒకాయన వేడినీళ్లు ఆలస్యంగా వచ్చాయన్నాడు. పూలేవని ఒక్కరూ అడగలేదు.