డ్యాష్‌బోర్డు మీద పసుపు

మా నాయిన లింగస్వామి పోయి ఏడాది కావస్తోంది. ఆయన్ని తలచుకుంటే ముందుగా 2003లో అత్వెల్లిలో కొన్న పాత మారుతి వ్యానే గుర్తొస్తుంది.

ఇంజను బాగానే ఉంది కానీ, లోపలి ప్లాస్టిక్ అంతా ఎండకు తెల్లబారి గీతలు పడిపోయింది. మేడ్చల్‌లో రంగు వేయించే స్తోమత లేదు. నాయినే తలుపుల లోపలి పలకలు ఊడదీశాడు. వాటినీ డ్యాష్‌బోర్డునూ ఉప్పుకాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, నల్లరంగు స్ప్రే కొట్టాడు. రోడ్డు దుమ్ము పడకుండా బండి చుట్టూ పాత చీరలు కట్టాడు.

మర్నాడు శామీర్‌పేట పెళ్లివాళ్ల కిరాయి. అదే మా మొదటి బేరం. బండి నచ్చితే చుట్టాల పెళ్లిళ్లకూ పిలుస్తామన్నారు.

సాయంత్రం మా అవ్వ ఈదమ్మ, బొట్టు లేని బండి గడప దాటొద్దంటూ, తడి పసుపు ముంచిన బొటనవేలిని డ్యాష్‌బోర్డు మీద గట్టిగా అద్దింది. కళ్లలో శుక్లాలు, రంగు ఆరలేదని ఆమెకు తెలియలేదు. అక్కడ గుంట పడి పసుపు అంటుకుపోయింది.

నాయిన గబుక్కున ఉప్పుకాగితం అందుకున్నాడు.

"ఏమైంది కొడుకా? వంకర పెట్టిన్నా ఏంది?"

నాయిన ఆమె ముఖంలోకి చూసి కాగితం కింద పెట్టేశాడు.

"మస్తు పెట్టినవమ్మా. ఒక్క దిక్కే పెడితివి, గా దిక్కు అలుగుతది."

"బండి అలుగుడేంది, పిచ్చోడా!"

నాయిన తన వేలికీ పసుపు రాసుకుని, రెండోవైపు అంతే గట్టిగా అద్దాడు.

మర్నాడు పెళ్లికూతురి తల్లి బండి ఎక్కుతూనే ఆ రెండు బొట్లనూ తాకి కళ్లకద్దుకుంది.