మేనేజరు గారి పథ్యం

మా మావయ్య ఎవరి నడుము కొలిచినా నిజం చెప్పడు. దర్జీగా ఆయనకి పేరొచ్చింది చేతి పనితనం వల్ల కొంతైతే, ఈ అబద్ధం వల్ల మరికొంత. పోయినేడు కుట్టించుకున్న ప్యాంటు పట్టడం లేదని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, "గుడ్డ కుంచించుకుపోయింది సార్, ఈ మిల్లుల వాళ్లని నమ్మకూడదు" అంటాడు. లోపలి మడత విప్పి, నడుము వదులు చేసి ఇస్తాడు. ఆ మనిషి మిల్లుల్ని తిట్టుకుంటూ హాయిగా వెళ్లిపోతాడు. అదే కొట్లో కాజాలు కుట్టే నాకు ఇంత మర్యాద చేతకాదు. ఉన్నది ఉన్నట్టు అనేస్తానని ఆయన నాకు సూదిమొన అని పేరు పెట్టాడు.

కొట్లో మూడో మనిషి చిలుక. దాని పేరు మేనేజరు. మిషను పక్కన కర్ర మీద కూర్చుని, చక్రం ఆగితే అరుస్తుంది. ఎవరైనా లోపలికొస్తే మెడ వంచి, కింది నుంచి పైదాకా ఎగాదిగా చూస్తుంది. తను మాత్రం పూచికపుల్లంత పనీ చెయ్యదు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. మేనేజరంటే మావయ్యకి ప్రాణం. పొద్దుతిరుగుడు గింజలంటే మేనేజరుకి ప్రాణం. ఆయన చొక్కా జేబులో సుద్దముక్కా, ఆ గింజలూ కలిసి కాపురం చేస్తుంటాయి. బొత్తాం కుట్టినా ఒక గింజే, దారం తెగినా ఒక గింజే.

ఒకరోజు పొద్దున్నే మేనేజరు పంజరం తలుపులో ఇరుక్కుపోయింది. సగం బయట, సగం లోపల. అవమానంతో గోల గోల చేసింది. మావయ్య దాన్ని మెల్లగా బయటికి తీసి, పంజరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తీగ లోపలికి వంగిందే" అన్నాడు. పటకారు తెచ్చి తలుపు వెడల్పు చేశాడు.

కొన్నాళ్లకి తీగ మళ్లీ వంగింది. మళ్లీ పటకారు వచ్చింది.

"వంగింది తీగ కాదు మావయ్యా, బలిసింది మేనేజరు" అన్నాను.

"నోరు మూసుకుని కాజాలు చూసుకో!"

దర్జీలకి తప్ప ఇంకెవరికీ ఇలాంటి పొరపాటు జరగదు. ఒళ్లు పెరిగితే బట్టని వదులు చెయ్యడం ఆయన చేతికి అబ్బిపోయింది. పంజరం విషయంలోనూ చెయ్యి తన అలవాటు ప్రకారమే పోయింది.

ఆ తర్వాత మేనేజరు కర్ర మీద నుంచి బల్ల మీదికి ఎగరబోయి కింద పడింది. లేచి నిలబడలేక రెక్కలు వేలాడేసి రొప్పింది. మావయ్య మిషను మీద పెళ్లి సూటు అలాగే వదిలేసి, పంజరాన్ని గుండెకి హత్తుకుని పక్షుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. వెనక నేను.

డాక్టరమ్మ దాని ఛాతీ తడిమి చూసింది. ఎముక చేతికి తగలాలిట, తగల్లేదు.

"ఏం పెడుతున్నారు?"

"గింజలండీ."

"ఇంకా?"

"గింజలేనండీ. ఇష్టంగా తింటుందని..."

"అందులో ఉన్నదంతా నూనే. కాలేయం పాడవుతోంది. తిండి మార్చకపోతే ఎక్కువ కాలం బతకదు."

ఆకుకూరలు, క్యారెట్, మొలకెత్తిన గింజలు, ఉడికించిన మొక్కజొన్న పెట్టమంది. ఉప్పూ వేపుళ్లూ దగ్గరికి రానివ్వొద్దంది. పాత గింజలు ఒక్కసారిగా మానిపిస్తే ఆకలికే చచ్చిపోతుంది, మెల్లమెల్లగా తగ్గించమంది. దారి పొడుగునా మావయ్య పంజరంలోకే చూస్తూ నడిచాడు. నాకు నాలుక దురద పెట్టింది కానీ, ఆయన మొహం చూసి మింగేశాను.

మర్నాడు ఆయన బజారుకెళ్లి ఓ పెద్ద ప్యాకెట్టు తెచ్చాడు. పైన అడవి బొమ్మ, 'నూటికి నూరుపాళ్లు సహజం' అని అక్షరాలు. లోపల ఎర్రవీ, పచ్చవీ, నీలివీ గుళికలు. కొత్త గుడ్డ వస్తే ముందు ఓ మూల తడిపి రంగు పోతుందో లేదో చూడటం ఆయన పద్ధతి. అలాగే నాలుగు గుళికలు గిన్నెలో నీళ్లలో వేశాడు. అవి అక్కడ నానుతుండగానే నీళ్లు ఊదారంగుకి తిరిగాయి.

"రంగు పోయే గుడ్డ గిరాకీకే అంటగట్టను, నా పిట్టకి పెడతానా?" అని ప్యాకెట్టుని మూల పడేశాడు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

ఇక పాలకూర కడిగాడు, క్యారెట్ సన్నగా తురిమాడు, పెసలు నానేసి మొలకలు తెప్పించాడు. మేనేజరు ఒక్కొక్కటే ముక్కుతో తీసి, చూసి, కింద పడేసింది. కొత్తిమీర రెమ్మని తొక్కి మరీ పక్కకి జరిగింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "చిలుకలు గుంపుగా బతికేవండీ. తోటివాళ్లు తినేదే తింటాయి. దాని గుంపు మీరేగా, దాని ముందు మీరు తినండి" అంది.

ఇక్కడ వచ్చిపడింది చిక్కు. మా మావయ్య పుట్టి బుద్ధెరిగాక ఆకు ముట్టలేదు. ఆయనకి కొట్లోకే వేపుళ్లు వెళ్తాయి. అత్తయ్య మాత్రం తనకి కావాల్సిన కూరలూ ఆకులూ పెట్టుకుని, పనంతా అయ్యాక వంటింటి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటుంది. సంగతి విని ఆవిడ నవ్వీ నవ్వీ గోడకి చేరగిలబడింది. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ బతిమాలుతున్నా ఒక్క ఆకు ముట్టని మనిషి, పిట్ట కోసం తింటాడటే!" అంది నాతో. ఆ నవ్వు చివర కొంచెం తడి ఉంది.

మావయ్య తిన్నాడు. పాలకూర నోట్లో పెట్టుకుని, ఆముదం తాగిన మొహంతో నమిలి, "ఆహా, ఎంత బాగుందో మేనేజరూ!" అన్నాడు. పెద్ద పొట్టవాళ్లని నమ్మించే గొంతే అది. మనుషులు నమ్ముతారు. మేనేజరు ఆయన మొహాన్ని నిదానంగా పరీక్షించి, కర్ర ఆ చివరికి వెళ్లి కూర్చుంది.

గింజలు తగ్గుతున్నాయి, కొత్త తిండి ఎక్కడం లేదు. మేనేజరు ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. చక్రం ఆగినా అరవడం లేదు. మావయ్య, ఎన్నడూ లేనిది, కాలరు వంకరగా కుట్టాడు. నిజంగా భయమేసింది నాకు.

అంతలో కొట్టుకి రంగులు వేయించాల్సి వచ్చింది. ఆ వాసన పిట్టకి పడదని పంజరాన్ని వంటింట్లో పెట్టాం. మధ్యాహ్నం అత్తయ్య రోజూలాగే తన పళ్లెం తెచ్చుకుని కూర్చుంది. పక్కన పంజరం తలుపు తీసి ఉందన్న ధ్యాసే లేదు ఆవిడకి. కడిగిన పాలకూర ఆకుని నాజూగ్గా మడిచి నోట్లో పెట్టుకుంది, క్యారెట్ కరకరా నమిలింది, కళ్లు అరమోడ్చింది. తిండిని అంత ఇష్టంగా తినేవాళ్లని నేను చూడలేదు.

మేనేజరు బయటికొచ్చింది. బల్ల మీద బరువుగా అడుగులేసుకుంటూ పళ్లెం దాకా నడిచి, మెడ సాచి, ఆవిడ చేతిలోని ఆకు కొస పట్టుకుని లాగింది. చింపింది. నమిలింది. మరో ముక్క కోసం మళ్లీ లాగింది.

గుమ్మంలో మావయ్య. కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"ఆపకే, తిను. మెల్లగా తిను. చూస్తోంది" అన్నాడు గుసగుసగా.

అత్తయ్య తలెత్తలేదు. "ఇన్నేళ్లూ ఇక్కడే కూర్చుని తింటున్నాను. మీరెప్పుడైనా చూశారా?"

మావయ్య గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "లేదే. చూడలేదు" అన్నాడు.

పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. అత్తయ్య పళ్లాన్ని కాస్త ముందుకి జరిపింది. ఆయన ఓ ఆకు తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొహం మామూలుగానే వికారంగా పెట్టాడు కానీ, ఈసారి బాగుందని అనలేదు.

"పచ్చి వాసనేస్తోంది" అన్నాడు.

"నమలండి, అలవాటవుతుంది" అంది అత్తయ్య. ఇంకో ఆకు తుంచి మేనేజరుకి అందిస్తూ, ఆయన వైపు చూడకుండానే అడిగింది. "ఇది తినడం నేర్చుకున్నాక మీరు లేచి కొట్లోకి వెళ్లిపోతారా?"

"వెళ్లను" అన్నాడు మావయ్య.