పసుపు రింగు మీది నాలుగో అక్షరం

జనవరి మూడో సోమవారం, ఉదయం ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు, సరూర్‌నగర్ చెరువు గట్టు నుంచి చూస్తుండగా ఆ పిట్ట నా బైనాక్యులర్స్‌లో పడింది. ఉల్లంకి జాతిది. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి, బురదలో పొడుగు ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటుంది. అలాంటివి ఆ రోజు నలభై మూడు ఉన్నాయి. ఆ ఒక్కదాని కాలికే పసుపు రింగు ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్కల టీచరుగా రిటైరైన ఏడాది నుంచి, పదకొండు చలికాలాలుగా అక్కడ పిట్టలను లెక్కపెడుతున్నాను. రింగున్న పిట్టను చూడడం అదే మొదలు. పక్షులను పరిశీలించేవాళ్లు ఎక్కడో పట్టి, రింగు తొడిగి వదిలేస్తారు. దానిమీద నాలుగు అక్షరాలు ఉంటాయి. నాలుగూ చదివి పంపితే అది ఎక్కడిదో, ఎన్నేళ్లదో చెబుతారు. నాకు ఆ జవాబు కావాలి.

మొదటి రోజే రెండు చదివాను. మూడోది ఎనిమిదో రోజున దొరికింది. నాలుగోది బురద కిందే ఉండిపోయేది.

మా ఎదురింటావిడ రోజూ నాతో నడకకు వస్తుంది. ఒకప్పుడు ఆ చెరువు కింద వాళ్లకు పొలాలుండేవి.

“ఏంది టీచరమ్మా, గా పిట్టకు కడియం ఎవలేసిండ్రు? పెండ్లయిందా దానికి?”

“పెళ్లి కాదమ్మా, హాజరు వేశారు.”

“నువ్వు గిన్నిరోజులు హాజరు తీస్కుంటే పిల్లలు ఇంటికి పోతరు, చూడు!”

పందొమ్మిదో ఉదయం, ఏడూ పదికి, పిట్ట మాకు ముప్పై అడుగుల దూరానికి వచ్చింది. నీళ్లలో నడిచిందేమో, రింగు శుభ్రంగా ఉంది. నేను ఊపిరి బిగబట్టి ఫోకస్ తిప్పుతున్నాను. పావురాలకు వేయడానికి ఆమె రోజూ సంచిలో జొన్నలు తెస్తుంది.

“ఆకలైతుంటది పాపం. జర దగ్గరికి రమ్మందాం” అని ఒక గుప్పెడు విసిరింది.

ఉల్లంకి గింజలు తినదని పదకొండేళ్లలో ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె అడగలేదు, నాకు తోచలేదు. ఎక్కడెక్కడి పావురాలన్నీ రెక్కలు టపటపలాడిస్తూ దిగాయి. ఉల్లంకులన్నీ ఒక్కసారిగా లేచి నాగోల్ వైపు వెళ్లిపోయాయి.

శివరాత్రి దాకా రోజూ వెళ్లి చూశాను. మిగతావి వచ్చాయి. అది రాలేదు.

“ఏదో ఒక అక్షరం రాసెయ్యరాదు? ఎవలకెర్క?” అంది ఆమె.

“నాకు తెలుసు కదమ్మా.”

ఆ మాట నేను మామూలుగానే అన్నాను. ఆమెకు తగిలింది.

మూడు అక్షరాలు రాసి, నాలుగోదాని చోటు ఖాళీగా వదిలి పంపాను. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఆ మూడు అక్షరాలతో చాలా పిట్టలున్నాయట. వాటిలో ఇది ఏదో చెప్పలేమన్నారు.

పోయినవి: ఒక అక్షరం. ఒక పిట్ట పుట్టిన చోటు. దాని వయసు. ఆమె నాతో నడకకు రాని నాలుగు రోజులు.