ఎండలో తప్పిన పోగులు

ఎదురింటి చెకింగు మామ ముప్ఫై ఏళ్లు మిల్లులో గుడ్డ తానులు దీపం బల్ల మీద పరిచి, పోగు తప్పినవాటిని ఏరి పక్కన పడేసినవాడు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా ముందు కర్టెన్ అంచు వేళ్ల మధ్య నలిపి చూశాకే కుశలం అడుగుతాడు. ఆయన కోడలు సైన్సు టీచరు. అట్టపెట్టెకు సన్నని చీలిక కోసి, లోపల సీడీ ముక్క అంటించి, ఎండ పడిన తెల్లగోడ వైపు తిప్పింది. లోపలికి చూస్తే వెలుగు రంగుల పట్టీగా విడిపోయి, మధ్యమధ్య నల్లటి గీతలు కనిపించాయి. ఏడు గీతలతో వారం రోజులు కూర్చుని పాఠానికి చార్టు వేసింది. తీరా పాఠం ఉన్న రోజు పొద్దున చూస్తే గీత ఒక్కటీ లేదు. మామ రంగు పెన్సిళ్లతో నున్నగా పూడ్చేశాడు.

"ఎంత పని చేశారు మామయ్యా! గంటలో బడి!"

"ఏడు పోగులు తప్పాయమ్మా. పిల్లల ముందు నీ పరువు పోకూడదని సరిచేశాను."

"సూర్యుడూ నక్షత్రమే కదా. అందులో సోడియం మింగిన రంగు దగ్గర ఒక గీత, ఇనుము మింగిన చోట ఇంకోటి. ఏ నక్షత్రంలో ఏముందో చెప్పేవే అవి!"

మామ కళ్లజోడు తుడుచుకుని, పెట్టె పట్టుకుని గోడ ముందు చతికిలబడ్డాడు. అరగంటలో గీతలన్నీ ఎక్కడివక్కడ గీసిచ్చాడు. కోడలు లెక్కపెడితే తొమ్మిది. అనుమానంతో పెట్టెలోకి చూసింది. ఎక్కువైన రెండూ నిజంగానే ఉన్నాయి.

ఆమె చార్టు చుట్టుకుని పరుగెత్తబోతుంటే మామ గుమ్మంలో అడ్డుపడి, గొంతు తగ్గించి అడిగాడు.

"మిగతా నక్షత్రాలను ఎవరు చెక్ చేస్తున్నారమ్మా?"