తెర నాది, మెషిన్ మా బావది

ఉద్యోగం చేసేవాడు పదిమందికి జవాబు చెప్పుకోవాలి, షాపు పెట్టుకున్నవాడు ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు అని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో నాకు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూసుకునే పని. సాయంత్రం ఇంటికొచ్చి తుమ్మితే తువ్వాలు బూడిదరంగుకు తిరిగేది. మా మేనత్త కొడుకు నందిగామలో డిగ్రీ పూర్తిచేసి వాళ్ల నాన్న రైసుమిల్లులో కూర్చునేవాడు (కూర్చోవడం కూడా కష్టపడి చేస్తున్నట్టే కనిపించేవాడు, అది వేరే సంగతి). నాకన్నా కొంచెం పెద్ద కాబట్టి బావ. చిన్నప్పటినుంచీ ఒకరి చొక్కాలు ఒకరం వేసుకుని తిరిగినవాళ్లం. ఎవరిదో పెళ్లిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నప్పుడు, "మీ పేటలో పటాలు కట్టే షాపు మంచిది ఒక్కటీ లేదురా" అన్నాడు. "పెడదామా బావా?" అన్నాను. పెరుగు వడ్డించేసరికి షాపు పేరు కూడా ఖాయం చేసుకున్నాం.

ఏం కొనాలన్న దగ్గర పేచీ మొదలైంది. బావ కళ్లన్నీ మెషిన్ మీద. ఫ్రేము చెక్కలను మూలల దగ్గర ఏటవాలుగా కోసి, గాలి ఒత్తిడితో మేకులు దించి అతికించే మెషిన్ అది. నా మనసంతా సాఫ్ట్‌వేర్ మీద. కస్టమర్ ఫోటోను కంప్యూటర్లో పెడితే, ఏ ఫ్రేములో ఎలా ఉంటుందో, గోడకు తగిలిస్తే ఎలా కనపడుతుందో ముందే చూపిస్తుంది. విజయవాడ బస్సులో కీసర దాటినా మా వాదన తెగలేదు. "మెషిన్ లేకపోతే ఎట్టా కడతావురా, ఉమ్మేసి అతికిస్తావా?" అన్నాడు బావ. "కట్టడం ఎవడైనా కడతాడు బావా. కట్టకముందే చూపించాలి. బిజినెస్ అంతా అక్కడుంది" అన్నాను, ఏదో పెద్ద బిజినెస్ నడిపి దిగివచ్చినవాడిలాగా.

షోరూములో టై కట్టుకున్నాయన నన్ను నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. రెండు మీటలు నొక్కాడు. తెర మీద నీలం గోడ, దాని ముందు తెల్ల సోఫా, పైన బంగారు ఫ్రేములో నేను! అంత హుందాగా నేనెప్పుడూ లేను. (మా వైపు ఒంటరి మనిషిని అంత పెద్ద పటంలో గోడకెక్కించేది పోయిన తర్వాతే. ఆ సంగతి ఆ క్షణాన తోచలేదు.) అవతల బావ మెషిన్ పెడలు మీద కాలుపెట్టి తొక్కితే, టక్కుమని రెండు చెక్కలు అతుక్కున్నాయి. చెప్పులు విప్పి మళ్లీ తొక్కాడు. మా ఇద్దరి మొహాలూ ఆ రోజు పెద్దవాళ్లెవరైనా చూసి ఉంటే చెవులు పట్టుకుని ఇంటికి లాక్కుపోయేవాళ్లు. ఎవరూ చూడలేదు. రెండూ కొన్నాం.

నేను ఫ్యాక్టరీ పని మానేశాక, మెషిన్ షాపుకొచ్చిన రోజు తెలిసింది, దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలని. పేటంతా తిరిగి వెతికి తీసుకున్న మా అద్దె షాపులో ఉన్నది ఒక ఫ్యానూ రెండు లైట్లూ వేసుకునే కరెంటు. షాపు ఓనరు కింద బట్టల కొట్టు నడిపే పెద్దాయన. బతిమాలితే, "రేపు మీరు ఖాళీ చేసి పోతే ఆ మీటరు నేనేం చేసుకోవాలి నాయనా, నెత్తిన పెట్టుకోవాలా?" అన్నాడు. ప్రారంభానికి ముందే మేం ఖాళీ చేయడం ఆయనకు స్పష్టంగా కనిపించింది. అప్పుడు బావే ఉపాయం చెప్పాడు. "మా మిల్లు షెడ్లో త్రీ ఫేజ్ ఉంది గదా. మెషిన్ అక్కడ పెడదాం. నువ్విక్కడ ఆర్డర్లు తీసుకుని బస్సుకి పంపు, నేను కట్టి పంపిస్తా. టెంపరరీగానే లేరా." టెంపరరీ అనే మాట విన్నప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదట్లో జనం బాగానే వచ్చారు, తెర చూడటానికి. ఒక కోమట్ల పెద్దావిడ వేదాద్రి నరసింహస్వామి ఫోటో తెచ్చింది. నేను హుషారుగా మీట నొక్కాను. ఆ సాఫ్ట్‌వేర్లో హాలుంది, పడకగది ఉంది, ఆఫీసుంది, దేవుడి గది మాత్రం లేదు. స్వామివారు వెళ్లి డైనింగు టేబులు పైన, వైను గ్లాసుల వెనక వెలిశారు. ఆవిడ కళ్లు మూసుకుని లెంపలేసుకుంది. "దించు నాయనా దించు, ముందు స్వామిని అక్కణ్ణించి దించు!" కంగారులో ఇంకో మీట నొక్కితే పడకగదిలోకి వెళ్లారు. ఆవిడ మళ్లీ మా మెట్లెక్కలేదు.

మిగిలినవాళ్లు ఎక్కారు. ఓపిగ్గా అన్నీ చూసుకుని, నచ్చినదాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, "ఇంట్లో అడిగి చెప్తామండి" అని దిగిపోయేవాళ్లు. వాళ్ల ఇళ్లు అంత నెమ్మదిగా జవాబిస్తాయేమిటా అనుకునేవాణ్ణి. ఒకరోజు నందిగామ మీదుగా వెళుతుంటే బస్సు కిటికీలోంచి మిల్లు షెడ్డు ముందు కొత్త బోర్డు కనిపించింది. మేం పెళ్లిలో పెట్టుకున్న పేరే. కింద 'ఒక్క రోజులో పటం కట్టి ఇవ్వబడును' అని ఎర్ర అక్షరాలు. దిగి లోపలికెళ్లాను. మా పేటవాళ్లు ఇద్దరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఫోన్లు, ఫోన్లలో నా తెర. బావ తల ఎత్తకుండానే, "నేనేమన్నా రమ్మన్నానా? మీ దగ్గర వారం పడుతుందంట, వాళ్లే వస్తున్నారు. పొమ్మనాలా?" అన్నాడు. టక్కుమని పెడలు తొక్కాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకు మా నాయనమ్మ షాపుకొచ్చింది. నాకు నాయనమ్మ, బావకు అమ్మమ్మ. "మీ తాతకి కట్టిచ్చారు చూడు, రేకు ఫ్రేము, కిటికీలోంచి తొంగిచూసినట్టు ఉంటాడు. నా పటం నేనే చూసుకుంటా, మిమ్మల్ని నమ్మి పోలేను" అంది. నా చేత ఫోటో తీయించుకుని, కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చుంది. ఒకటి చూపిస్తే "ఇది పెళ్లికూతురికి పెట్టు" అంది. ఇంకొకటి చూపిస్తే "ఇది మరీ చావుకళగా ఉంది, తియ్యి" అంది. మధ్యాహ్నం దాకా చూసి చూసి, సన్నటి బంగారు గీత ఉన్న ముదురు గోధుమరంగు ఫ్రేము దగ్గర ఆగింది. "బాగున్నా గదరా?" అని తన మొహాన్ని తనే చూసుకుని సిగ్గుపడింది. నేను షాపు పెట్టినందుకు ఒక్కరైనా సంతోషించారనిపించింది. ఆ సంతోషం నాకు నిమిషం కూడా దక్కలేదు. "ఇది కాయితం మీద తీసివ్వు. నందిగామ బస్సు ఎన్నింటికి?" అంది.

"నేను పంపిస్తాగా నాయనమ్మా."

"నువ్వు పంపితే ఎప్పటికొచ్చేనో. వాడైతే నా కళ్లముందే కట్టిస్తాడు."

నేనే తీసుకెళ్లి బస్సెక్కించాను. కిటికీ సీటు కూడా పట్టాను.

సాయంత్రం బావకు ఫోను చేశాను. "ఆవిడ ఎంచుకుంది నా దగ్గర బావా, ఆ మాటన్నా చెప్పావా అత్తయ్యవాళ్లకి?" అన్నాను. అవతల టక్కుమని పెడలు తొక్కిన చప్పుడు. తర్వాత, "అమ్మమ్మ పటానికి కూడా కమీషన్ కావాలా నీకు?" అన్నాడు. మేం మాట్లాడుకోవడం అదే ఆఖరు. నెల తిరక్కుండా బట్టల కొట్టు పెద్దాయన అంచనా నిజం చేసి, సిమెంటు దుమ్ములోకి తిరిగి వెళ్లిపోయాను. నాయనమ్మ పోయినప్పుడు పాడె ముందు ఒక కొమ్ము అతనిది, వెనక ఒక కొమ్ము నాది. మోసినంతసేపూ నాకు అతని వీపే కనిపించింది. పన్నెండో రోజు ఆ పటం చూసి చుట్టాలంతా ఎవరు కట్టారని అడిగారు. నందిగామ మనవడు అని మా అమ్మే చెప్పింది.

మొన్న ఆదివారం ఫోను తనంతట తనే పాత ఫోటోలు వరసగా తిప్పుతుంటే, షాపు ప్రారంభం రోజుది ఒకటి పైకి వచ్చింది. కంప్యూటరుకు చెరోవైపు నేనూ బావా. ఎవరు తీశారో గానీ ఇటు చూడండని అనే ఉంటారు, మేం వినలేదు. ఇద్దరం తెరలోకే చూస్తున్నాం. అందులో ఒట్టి ఫ్రేము, మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీని చూసుకుని ఇద్దరం ఒక్కలాగే పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతున్నాం. బావకు పంపుదామని పేరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఫోను పక్కన పెట్టబోతూ, ఇస్త్రీ చొక్కాలో ఉన్న ఆనాటి నన్ను ఇంకోసారి చూశాను. "పిచ్చి వెధవా, ఎంత బాగున్నావురా" అనుకుంటే, వద్దనుకున్నా నవ్వొచ్చింది.