పటం మీద బర్మన్ సర్ చుక్కలు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను గోరంతలు కొండంతలు చేసే మనిషిని. మా తెనాలి పెసరట్టు నా నోట్లో పడితే పెళ్లిపందిరంత అవుతుంది. కాబట్టి తరుగు తీసి చదువుకోండి. ఏది తరుగో చివర్న నేనే చెబుతాను.

మొన్న ఫరీదాబాద్‌లో మా ఇంట్లో స్కెచ్ పెన్ను మూత తీసిన ఘాటు వాసన. మా అమ్మాయి స్కూలు కోసం భారత్, బంగ్లాదేశ్‌ల పటం గీస్తోంది. వాసన తగలగానే నా చెయ్యి నన్నడక్కుండా వెళ్లి, సరిహద్దు గీతకు ఉత్తరాన నాలుగు చుక్కలు పెట్టేసింది. "పాపా! గందా కర్ దియా!" అని, పటం పాడుచేశానని పిల్ల వేసిన కేకకు పై అంతస్తు అంకుల్ కట్టుడు పళ్లు ఊడిపడ్డాయి.

ఆ చుక్కలు బర్మన్ సర్‌వి. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మాకు సివిల్స్‌కి భూగోళం చెప్పేవారు. అగ్గిపెట్టెంత గదిలో నాలుగువందల మందిమి; ఒకడు ఊపిరి వదిలితేనే పక్కవాడు పీల్చాలి. సర్ చెయ్యి ఎత్తకుండా రెండు దేశాల సరిహద్దు మొత్తం బోర్డు మీద గీసేవారు. గీత ఎన్ని వంకరలు పోయేదంటే, పూర్తయ్యేసరికి డజను సుద్దముక్కలతోబాటు సర్ కూడా రెండంగుళాలు అరిగేవారు. ఆఖర్న కూచ్ బెహార్ దగ్గర ఆగి, టక్ టక్‌మని చుక్కలు పెట్టేవారు. ఒక దేశం కడుపులో ఇరుక్కున్న ఇంకో దేశపు ఊళ్లవి.

మెయిన్స్ బ్యాచ్‌కు మనుషుల్ని ఎంచే పరీక్షలో నేను పటంలో ఆ చుక్కలు వదిలేశాను. సున్నా వేశారు. ఆ బ్యాచ్‌లో చోటు పోతే నాకింక ఢిల్లీలో పనిలేదు. కాగితం పట్టుకుని అందరి ముందూ నిలదీశాను.

"సర్, దోమ రెట్టంత చుక్కలకు సున్నానా?"

"అచ్ఛా, దోమ రెట్ట!" అన్నారాయన మెల్లగా. "నేను పుట్టింది అందులోనే, భయ్యా."

సుద్దముక్క బల్ల మీద పెట్టి చెప్పారు.

"చుట్టూ ఇండియా. మధ్యలో మా ఊరు, కాగితాల్లో బంగ్లాదేశ్. కరెంటు తీగలు మా నెత్తి మీదుగానే పోయేవి, మా ఇంట్లో మాత్రం బుడ్డి దీపం. బడి ఇండియాలో. తండ్రి ఇండియా వాడైతేనే చేర్చుకుంటారు. అందుకని పక్క ఊరి పొగాకు రైతు నాకు తండ్రిగా పేరిచ్చాడు. సర్టిఫికెట్లలో నాన్న ఆయనే. సొంత నాన్న బడి దగ్గరికొస్తే 'కాకా' అనాలి. అంటే బాబాయ్."

"ఎప్పుడైనా నోరు జారారా సర్?"

"జారితే బడి పోదూ?"

నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. నా కన్నీళ్లకు యమున ప్రమాద సూచిక దాటింది.

ఏళ్లు గడిచాయి. నేను కలెక్టరును కాలేదు, ఆఫీసులో ఫైళ్లు మోశాను. ఒకరోజు పేపర్లో చూశాను: రెండు దేశాలూ ఆ ఊళ్లను ఇచ్చిపుచ్చుకున్నాయి. వెంటనే సర్‌కి ఫోన్ చేశాను.

"ముబారక్ సర్! మీ ఊరు ఇండియా అయిపోయింది!"

"అవునయ్యా. కాకా ఉండుంటే ఎంత సంతోషించేవాడో."

"ఏ కాకా సర్?" అని అడిగేశాను. అడిగాక గాని అర్థం కాలేదు. నా గుండె ఎలా అయిందో చెప్పడానికి ఒక పెద్ద పోలిక వెతికాను. ఇప్పటికీ దొరకలేదు.

ఇక తరుగు లెక్క. అంకుల్ పళ్లు భద్రం. గదిలో నాలుగువందల మంది కాదు, నలభై. ఆ ఊరు, తీగలు, అరువు తండ్రి, కాకా మాత్రం నిజం. అంత పెద్ద మాట పుట్టించడం నా తరం కాదు. నేను ఆడిన అబద్ధం ఒక్కటే. ఆ రోజు నేను ఎవరి కాళ్ల మీదా పడలేదు. "అయితే సర్, మీకు ఇద్దరు నాన్నలన్నమాట!" అన్నాను. గదంతా పగలబడి నవ్వింది. నవ్వులు ఆగేదాకా సర్ ఆగి, నా పటంలో ఒక చుక్క పెట్టి, "ఠీక్ హై, కూర్చో" అన్నారు.

ఆ సాయంత్రం గోడకు అంటించిన మెయిన్స్ బ్యాచ్ జాబితాలో నా పేరుంది, ఆయన చేతిరాతలోనే.